చేప ఎదురెక్కే దారి

నడి ఏప్రిల్‌లో నాగోలు వంతెన మీంచి చూసినా మూసీ పారుతూనే ఉంటుంది. అనంతగిరి కొండల్లో చివరి వాన కురిసి నెలలు గడిచినా, ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు మూసే ఉన్నా ఆ పారకం ఆగదు. ఎందుకంటే అది వాన నీరు కాదు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు, సింగూరు వైపు నుంచి మంజీరా నీళ్లు పైపుల్లో హైదరాబాద్‌కు వస్తాయి. ఇళ్లలో, హోటళ్లలో, కార్ఖానాల్లో ఒకసారి వాడేశాక నాలాల్లోకి, నాలాల నుంచి మూసీలోకి చేరతాయి. ఉప్పల్ భగాయత్ పక్కన ఎండాకాలమంతా పారేది ఈ నీరే.

నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. ఉప్పల్ నేల దాదాపు 1,600 అడుగుల ఎత్తున ఉంది. అంటే కృష్ణ నీరు మోటార్ల బలంతో వెయ్యి అడుగులు ఎదురెక్కి మన నల్లాలోకి వస్తోంది. వాడుకున్నాక మూసీ వాలు పట్టుకుని కిందికి దిగి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో కలుస్తోంది. ఈ చక్రంలో నీరు కిందికీ పైకీ తిరుగుతోంది కానీ చేప తిరగడం లేదు. ఒకప్పుడు నీరు కిందికి దిగేది, చేప పైకి ఎక్కేది. ఇప్పుడు నీటికి ఎదురెక్కే దారి వేశాం, చేపకున్న దారి మూసేశాం. దాన్ని మళ్లీ తెరవడానికి ఏమేం కావాలన్నదే ఈ అధ్యాయం. ఆ సంగతి బాగా తెలిసిన చేప ఒకటి మన దేశంలో లేదు. ముందు దాని దగ్గరికి వెళ్లొద్దాం.

ఒక చేప, ఒక వాలు

సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే మన పిల్లలు అక్టోబరు వస్తే అమ్మానాన్నలను ఇసాక్వా ఊళ్లోని వాగు దగ్గరికి తీసుకెళ్తుంటారు. మోకాటి లోతు నీటిలో చెయ్యంత పొడవు చేపలు ఒంటి మీద గాయాలతో ప్రవాహానికి ఎదురు ఈదుతుంటాయి. అవే సాల్మన్. చల్లని కొండవాగులో గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి బయటపడి, కొంతకాలం మంచినీళ్లలో పెరిగి, సముద్రానికి వెళ్లి, కొన్నేళ్ల తరువాత పుట్టిన వాగుకే తిరిగి వస్తాయి. వాగు వాసన గుర్తుపెట్టుకుని వస్తాయని 1950లలో ఆర్థర్ హాస్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన ప్రయోగాలతో చూపాడు. పసిఫిక్ సాల్మన్ జాతుల్లో ఎక్కువవాటికి ఇదే చివరి ప్రయాణం. గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. ఎలుగుబంట్లు, గద్దలు ఆ కళేబరాలను అడవిలోకి ఈడ్చుకెళ్తాయి. సముద్రం నుంచి వచ్చిన నత్రజని అలా ఒడ్డు చెట్ల కాండాల్లో దొరుకుతుంది.

సాల్మన్‌ను కాపాడాలని బయలుదేరినవాళ్లకు తొందరలోనే ఒక విషయం తెలిసివచ్చింది. ఈ చేప నది పొడవునా బతుకుతుంది. కాబట్టి నదిలో ఏ ఒక్క చోట తేడా వచ్చినా దాని బతుకు తెగిపోతుంది. సముద్రం దగ్గర నీరు బాగుండి మధ్యలో ఆనకట్ట ఉంటే లాభం లేదు. ఆనకట్ట తీసేసినా ఎగువన అడవి నరికితే మట్టి కొట్టుకొచ్చి గులకరాళ్ల సందులు పూడుకుపోతాయి, వాటి మధ్య ఉన్న గుడ్లకు ఊపిరాడదు. ఒడ్డున చెట్టు నీడ లేకపోతే నీరు వేడెక్కుతుంది. అందుకే వాళ్లు నదిని వదిలి నేలను చూడడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడ పడిన వాన చుక్క చివరికి ఆ నదిలోకి చేరుతుందో ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతం. చేపను తిరిగి తేవడమంటే ఆ వాలు మొత్తాన్ని బాగుచేయడమే.

పులస నుంచి పరక దాకా

సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేప అనగానే మనకు గుర్తొచ్చేది పులస. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరద గోదావరిలోకి ఎక్కాక పులస. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించాడు. కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది, 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఈ కట్టడాలు డెల్టాకు అన్నం పెట్టాయి. అదే సమయంలో సముద్రం నుంచి వచ్చే చేపకు గడప దగ్గరే తలుపు వేశాయి. పులస సాల్మన్‌లా గాలిలోకి ఎగిరి దూకే రకం కాదు. ఒక మోస్తరు గోడ అడ్డొచ్చినా దాని ప్రయాణం అక్కడితో సరి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన ఇలస అలాగే కరువైంది. ఇప్పుడు కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు పెద్ద ఇలస చేపలను పట్టి, గుర్తులు తగిలించి, బ్యారేజీకి ఎగువన వదులుతున్నారు.

ఉప్పల్‌కు పులస రాదు. ఇక్కడి ఎదురీత చిన్నది. సముద్రం దాకా కాకుండా చెరువు నుంచి చెరువుకు సాగేది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది కళ్లారా చూసిన సంగతే. తొలకరికి చెరువు నిండి అలుగు దుంకుతుంది. ఆ నీటి చప్పుడుకు, చల్లదనానికి, కొత్త మట్టి వాసనకు కిందిచెరువు చేపలు కాలువ పట్టుకుని పైకి బయలుదేరతాయి. పరకలు, జెల్లలు, పాపెరలు, వాలుగలు జానెడు నీటిలో ఒళ్లు సగం బయటపెట్టి ఎక్కుతాయి. అలుగు కింద బుట్టలు, వలలు పెట్టుకుని పిల్లలూ పెద్దలూ కాచుకుని కూర్చుంటారు. చేప ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికి. పైచెరువు అంచుల్లో, వరదలో మునిగిన గడ్డిలో, పొలాల్లో లోతు తక్కువ, తిండి ఎక్కువ, పెద్ద చేపల బెడద తక్కువ.

కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద గొలుసుకట్టుగా చెరువులు తవ్వినవాళ్లు నీటి లెక్క చూసుకుని తవ్వారు. ఒక చెరువు అలుగు మరో చెరువుకు వాగు. ఆ అమరికలో చేపకు మెట్ల దారి దానంతట అదే ఏర్పడింది. మౌలాలి గుట్టల దక్షిణపు పల్లం నుంచి మూసీ దాకా ఉన్న వాలు కూడా అలాంటిదే. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు ఈ వాలు మీద పడిన వాన నీటిని ఆపి, నిలిపి, నెమ్మదిగా కిందికి వదలడానికి పుట్టినవే. ఇప్పుడు ఒక్కొక్క చెరువూ ఒంటరిది. వాటిని కలిపే కాలువలు కొన్ని చోట్ల కాంక్రీటు పెట్టెల్లోకి, కొన్ని చోట్ల ఇళ్ల కిందికి వెళ్లిపోయాయి. మురుగు మాత్రం ఆ దారి మరిచిపోలేదు.

ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కథ వేరు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేల మందిని పొట్టన పెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వచ్చినవి అవి. 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయ్యాయి. తాగునీటి జలాశయాలు గనుక వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరీవాహకానికి 1996లో 111 జీవో రక్షణ ఇచ్చింది. 2022లో ప్రభుత్వం ఆ రక్షణనూ ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఉప్పల్, నాచారం వాలుకు అలాంటి జీవో ఎన్నడూ లేదు. ఉన్నదల్లా చెరువు చుట్టూ గీసే గీత. 25 ఎకరాలు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్. ఆ గీత చెరువును ఆక్రమణ నుంచి కాపాడగలదు. చెరువులోకి వచ్చే నీటి మంచిచెడ్డలు గీత అవతలే తేలిపోతాయి.

తెల్లవారుజాము లెక్క

మే నెలలో మురుగు కలిసే ఏ చెరువు కట్ట మీదికైనా పొద్దు పొడవకముందే వెళ్లి చూడండి. నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉంటుంది. చేపలు పైకి వచ్చి, మూతులు నీటి మట్టానికి ఆనించి తెరుస్తూ మూస్తూ ఉంటాయి. అలికిడైనా లోపలికి పోవు. ఎండెక్కిన రెండు మూడు గంటలకు బతికినవి మళ్లీ కిందికి దిగుతాయి, చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. చెరువులో ఎవరో విషం కలిపారని ఊరు అనుకుంటుంది. ఒక్కోసారి అది నిజం కావచ్చు. చాలాసార్లు విషం బయటి నుంచి రానక్కర్లేదు.

నీటిలో కరిగిన ఆక్సిజనే చేపకు ఊపిరి. 10 డిగ్రీల చల్లని నీరు లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి పట్టలేదు. అంటే మన చేపకు మొదటి నుంచే మిగులు తక్కువ. అందులోకి మురుగు వస్తే దాన్ని తినే బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ నాచుకు ఎరువవుతాయి. నాచు పగలంతా ఆక్సిజన్ వదిలి, చీకటి పడగానే పీల్చడం మొదలుపెడుతుంది. సాయంత్రం నాలుగింటికి ఆక్సిజన్ కొలిస్తే చెరువు దివ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అదే చెరువు తెల్లవారుజామున నాలుగింటికి సున్నా దగ్గర ఉండొచ్చు. మబ్బు పట్టి, గాలి ఆగిన రోజైతే ఇంక చెప్పనక్కర్లేదు.

పగటికి మరో ప్రమాదం ఉంది. మురుగుతో వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్లోంచి నేరుగా నెత్తుటిలోకి పోతుంది. నీటి పీహెచ్ 7 ఉన్నప్పుడు ఆ రెండో రూపం 100లో ఒక వంతు కన్నా తక్కువ. నాచు ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే పీహెచ్ 9కి ఎగబాకుతుంది. అప్పుడు 30 డిగ్రీల నీటిలో 100లో దాదాపు 45 వంతులు ఆ విషరూపంలోకి మారతాయి. అమ్మోనియా మొత్తం పెరగలేదు, మధ్యాహ్నం అయిందంతే. రాత్రి ఊపిరాడక, పగలు విషం తగిలి, చేప రెండు పూటలా నలుగుతుంది.

చేపలు బతకడానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హద్దులు చెప్పింది. లీటరుకు ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, విషరూప అమ్మోనియా నత్రజని లెక్కన 1.2 మిల్లీగ్రాములకు మించకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఆ అంకెలను ఏ గంటకు కొలిచామన్నది అంకెలంత ముఖ్యం.

ఇక్కడే శుద్ధి కేంద్రాల సంగతీ తేలాలి. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే పాత కేంద్రాలున్నాయి. అవి గాలి తగలని తొట్టెల్లో బ్యాక్టీరియాతో మురుగును అరిగించే పద్ధతివి. కరెంటు తక్కువ తింటాయి, మురుగు బరువును బాగానే దించుతాయి, కానీ అమ్మోనియాను తీయలేవు. నగరం 2021లో తలపెట్టిన 31 కొత్త కేంద్రాలు గాలి ఊది, ఆపి, మళ్లీ ఊదే పద్ధతివి. ఈ గాలి మార్పిడిలోనే అమ్మోనియా నైట్రేటుగా, నైట్రేటు మామూలు నత్రజనిగా మారి గాల్లో కలుస్తుంది. చేప వైపు నుంచి చూస్తే ఎన్ని లీటర్లు శుద్ధి చేశామన్న అంకె కన్నా ఏ పద్ధతిలో చేశామన్నదే పెద్ద విషయం.

గడ్డి అంచు

ఇంత చెడ్డ నీటిలోనూ కొర్రమీను బతుకుతుంది. 2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. మొప్పల పైన దీనికి గాలి పీల్చే గదులున్నాయి. నీటిలో ఆక్సిజన్ అయిపోతే పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి పోతుంది. బురదలో నెలల తరబడి ఓపిక పడుతుంది. అందుకే నల్లటి నీటిలోంచి కొర్రమీను పట్టి చూపించి, చెరువు బాగానే ఉందని వాదించేవాళ్లుంటారు. ఆ వాదన నిలవదు. కారణం దాని కాపురంలో ఉంది.

వానలు మొదలయ్యే వేళ కొర్రమీను జంట ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోట గడ్డిని, తూటిని నోటితో కొరికి, తోకతో నెట్టి చాపంత మేర ఖాళీ చేసుకుంటుంది. గుడ్లు తేనెరంగులో తేలుతూ ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. కొద్ది రోజులకు పిల్లలు నారింజ ఎరుపులో వందల కొద్దీ ఒక గుంపుగా తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గుంపు దగ్గరికి కప్ప వచ్చినా, మనిషి కాలు పెట్టినా మీదికి దూకుతాయి. పెద్ద చేపకున్న గాలి గదులు పిల్లకు పుట్టుకతో రావు. అవి ఏర్పడడానికి కొన్ని వారాలు పడుతుంది. అన్నాళ్లూ పిల్ల బతుకు నీటిలోని ఆక్సిజన్ మీదే ఆధారపడి ఉంటుంది. చెరువులో పెద్ద కొర్రమీను కనపడితే అది మొండి చేప అని మాత్రమే అర్థం. ఎర్ర పిల్లల గుంపు కనపడితేనే చెరువు బతికున్నట్టు.

ఆ గుంపు పుట్టాలంటే గడ్డి అంచు కావాలి. నగరంలో చెరువు సుందరీకరణ అంటే మొదట పోయేది అదే. కట్ట చుట్టూ రాతి గోడ కట్టి, పైన వాకింగ్ ట్రాక్ వేసి, నడుమ ఫౌంటెన్ పెడతారు. నీరు గోడ అంచు నుంచే నిట్టనిలువుగా లోతవుతుంది. జానెడు లోతు, మోకాటి లోతు అనే చోట్లే ఉండవు. సాల్మన్‌కు గులకరాళ్లు ఎంతో మన చేపలకు ఈ పల్లపు గడ్డి అంత. మురుగు మొత్తం ఆపేసి, నీళ్లు అద్దంలా మెరిసినా, చుట్టూ గోడ ఉన్న చెరువులో కొర్రమీనుకు పురిటి గది దొరకదు.

పిల్లల్ని వదిలితే సరిపోదా?

చేపలు లేవు కదా, తెచ్చి వదిలేద్దాం. ఇది అందరికీ తోచే మందు. 1957లో హీరాలాల్ చౌదరి ఒడిశాలో పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి, ప్రవహించే వరద నీటిలో తప్ప గుడ్లు పెట్టని బొచ్చె, రవ్వ వంటి చేపల చేత తొట్టెల్లో గుడ్లు పెట్టించే దారి చూపాడు. మన చేపల సాగంతా దాని మీదే నిలబడింది. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి చెరువుల్లో కోట్ల సంఖ్యలో చేపపిల్లలను ఉచితంగా వదులుతూ వచ్చింది. ముదిరాజులకు, గంగపుత్రులకు అది జీవనోపాధి పథకం. ఆ కొలమానంతో చూస్తే దానికి అర్థం ఉంది. పంట వేశాం, కోసుకున్నాం. మళ్లీ ఏడాది మళ్లీ విత్తనం. అయితే దాన్నే చెరువు పునరుద్ధరణ అనుకుంటే చిక్కు.

లండన్ థేమ్స్ కథ చూడండి. అక్కడి సాల్మన్ 1830ల నాటికే మాయమైంది. 1957లో ఆ నదిలో ప్రాణం లేదని తేల్చేశారు. మురుగు శుద్ధి బాగుపడుతూ వచ్చాక 1974లో ఒక సాల్మన్ దొరికింది. ఇక 1979లో పెద్ద పథకమే మొదలైంది. ఏటా చేపపిల్లలు వదిలారు. అడ్డుకట్టల దగ్గర చేపల మెట్లు కట్టారు. 1993లో 338 సాల్మన్లు తిరిగి వచ్చాయి. ఆ తరువాత అంకె పడిపోతూ 2005కల్లా ఒక్కటీ రాలేదు. మళ్లీ కొన్ని కనపడ్డప్పుడు ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు జన్యువులు పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. వచ్చినవి వదిలిన చేపల సంతానం కావు. దక్షిణ ఇంగ్లండులోని పక్క నదుల నుంచి దారి తప్పి తమంతట తామే వచ్చినవి.

తొట్టెలో పెంచిన చేప నదికి తగదని అమెరికాలో ఇంకో విధంగా తేలింది. ఆరెగాన్ రాష్ట్రంలోని హుడ్ నదిలో సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన స్టీల్‌హెడ్ చేపల కుటుంబ చెట్లు గీశారు. తొట్టెలో గడిపిన ఒక్కొక్క తరానికి, నదిలో సొంతంగా పిల్లలను కనే శక్తి దాదాపు 40 శాతం పడిపోతున్నట్టు 2007లో ప్రచురించారు. తొట్టెలో మేత దొరుకుతుంది, కొంగ రాదు, జత కోసం పోటీ ఉండదు. అక్కడ నెగ్గే గుణాలు వేరు, నదిలో నెగ్గే గుణాలు వేరు.

ఈ రెండింటికీ జవాబులా నిలిచేది క్లామత్ నది. కాలిఫోర్నియా, ఆరెగాన్ సరిహద్దులో దాని మీదున్న నాలుగు ఆనకట్టలను యూరక్ తదితర ఆదివాసీ తెగల దశాబ్దాల పోరాటం తరువాత తొలగించారు. పని 2024 శరత్కాలంలో ముగిసింది. అదే అక్టోబరులో, 1912 తరువాత మొదటిసారి, చినూక్ సాల్మన్ ఆ ఆనకట్టలకు ఎగువన ఆరెగాన్‌లో కనపడింది. దాన్ని ఎవరూ బుట్టలో పెట్టి మోసుకెళ్లలేదు.

తొలి వాన

సియాటిల్ నగరపు వాగుల్లో ఒక వింత చాలా ఏళ్లు నడిచింది. లక్షల డాలర్లు పోసి వాగులు బాగుచేశారు. ఒడ్డున చెట్లు పెట్టారు, గులకరాళ్లు పరిచారు. కోహో సాల్మన్లు వచ్చాయి కూడా. కానీ శరత్కాలపు తొలి వానలకు, గుడ్లు పెట్టకముందే, గంటల్లో గింగిరాలు తిరిగి చచ్చిపోయేవి. కారణం 2020 డిసెంబరులో బయటపడింది. కారు టైర్ల రబ్బరు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి వేరే పదార్థంగా మారుతుంది. టైరు అరిగి రోడ్డు మీద పడిన పొడిలోంచి అది వాన నీటిలోకి చేరుతుంది. అతి కొద్ది మోతాదే కోహోను చంపేస్తుంది. దాని అన్నదమ్ముల్లాంటి చమ్ సాల్మన్‌కు మాత్రం ఏమీ కాదు.

మన చేపల్లో ఏది కోహోలా సుకుమారమో, ఏది చమ్‌లా గట్టిదో ఇక్కడి నీటిలో పరీక్షిస్తేనే తెలుస్తుంది. అయినా వరంగల్ హైవే, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే ఉప్పల్ కూడలి ఉన్న వాలుకు ఈ కథలో పాఠం ఉంది. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న టైరు పొడి, ఇంజిన్ నూనె, బ్రేకుల లోహం, నాచారం పారిశ్రామికవాడ రోడ్ల మీది దుమ్ము జూన్ తొలి వానకు అరగంటలో నాలాలోకి దిగుతాయి. చేప ఎదురెక్కడానికి బయలుదేరేది సరిగ్గా ఆ వానకే. మురుగు పైపులన్నీ శుద్ధి కేంద్రానికి కలిపినా ఈ నీరు అందులోకి పోదు, తిన్నగా చెరువులోకి పోతుంది.

మందు మాత్రం చవక. సియాటిల్ ప్రాంతంలోనే చేసిన ప్రయోగాల్లో అదే రోడ్డు నీటిని ఇసుక, ఎరువుమట్టి, చెక్కపొట్టు పొరల గుండా వడకట్టి వదిలితే చేపలు బతికాయి. రోడ్డు పక్క కాలువ చెరువును తాకే ముందు ఇలాంటి మట్టి పడక ఒకటి, రెల్లు, తుంగ పెంచిన మడి ఒకటి ఉంటే చాలు. మన పెద్దలు చెరువు ఎగువన వదిలేసిన శిఖం భూమి చేసింది కొంతవరకు ఇదే పని.

ఉప్పల్ వాలుకు ఒక వరుస

2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా తొలి విడత పునరుద్ధరణకు తీసుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువు ఒకటి. పూడిక తీయడం, ఆక్రమణలు తొలగించడం, మురుగును మళ్లించడం అవసరమైన పనులే. చేపను దృష్టిలో పెట్టుకుంటే వాటికి ఒక వరుస, మరికొన్ని చేర్పులు కావాలి.

మొదటిది ఊపిరి. మురుగు ఆగేదాకా మిగతా ఖర్చంతా వృథా. శుద్ధి చేసిన నీరు చెరువులోకి వదిలితే అందులో అమ్మోనియా, ఫాస్ఫరస్ ఎంతో రోజూ చెప్పాలి. రెండోది అంచు. చెరువు చుట్టుకొలతలో కనీసం ఒక వైపు, నీరు వచ్చే పైవైపు, గోడ లేకుండా ఏటవాలుగా, గడ్డితో ఉండాలి. నడిచేవాళ్లకు కట్ట వైపు ట్రాక్ చాలు. మూడోది దారి. అలుగు నుంచి నీరు నిటారుగా దూకే చోట కింద పెద్ద రాళ్లతో ఏటవాలు పేర్చితే పరకలు, జెల్లలు ఎక్కగలవు. కాలువలో అక్కడక్కడ గుంటలు వదిలితే అలసిన చేప ఆగి పోతుంది. నాలుగోది తొలి వాన నీటికి మట్టి పడక. ఇవన్నీ అయ్యాక ఇంకా అవసరమైతే చేపపిల్లలు, అవీ ఈ వాలుకు చెందిన రకాలే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అక్వేరియం తొట్టెల్లోంచి బయటపడ్డ సక్కర్ ఫిష్ వంటివి చెరువు చెడిపోయినప్పుడు ఖాళీ జాగాలో స్థిరపడ్డ చేపలు. ఆ జాగా మళ్లీ సొంత చేపలతో నిండితేనే వాటి జోరు తగ్గుతుంది.

చేప తిరిగొచ్చిందో లేదో తెలుసుకోవడానికి వల కూడా అక్కర్లేదు. చేప ఒంటి నుంచి రాలిన పొలుసు, జిగురు, మలంలోని డీఎన్‌ఏ నీటిలో కొంతకాలం మిగులుతుంది. రెండు లీటర్ల నీరు వడకట్టి ఆ డీఎన్‌ఏ చదివితే ఏయే చేపలు ఉన్నాయో తెలుస్తుంది. ఈ విద్య తెలిసినవాళ్లు ఉప్పల్ రోడ్డు మీదే ఉన్నారు. హబ్సిగూడలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థలు కలిసి 2020లో నగరపు మురుగులో కరోనా వైరస్ ఆర్ఎన్ఏ కొలిచి, లెక్కకు రాని రోగులతో సహా 6 లక్షల మందికి పైగా సోకి ఉంటుందని అంచనా కట్టాయి. సక్కర్ ఫిష్ తూర్పు కనుమల నీళ్లలో ఎక్కడిదాకా పాకిందో సీసీఎంబీ వన్యప్రాణి విభాగం నీటి డీఎన్‌ఏతోనే వెతికింది. అదే పని నాచారం పెద్దచెరువు నుంచి మూసీ దాకా ఏటా రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా చేస్తే, ఏ చేప ఏ అలుగు దాకా ఎక్కగలిగిందో పటం గీయవచ్చు.

చెరువు మీద ఎంత డబ్బు పెట్టారు, ఎన్ని లక్షల చేపపిల్లలు వదిలారు అన్న అంకెలు ప్రకటనల్లో వస్తూనే ఉంటాయి. ఉప్పల్, నాచారం వాసులు అడగాల్సినవి వేరే మూడున్నాయి. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి చెరువులో ఆక్సిజన్ ఎంత ఉంది? ఈ ఏడు ఇక్కడే పుట్టిన చేపపిల్లలు ఏ రకాలవి? కిందిచెరువు చేప పైచెరువులోకి రావాలంటే ఇంకా ఎన్ని గోడలు అడ్డున్నాయి? ఈ మూడింటికి అంకెలతో జవాబు చెప్పగలిగిన రోజున ఆ పనిని పునరుద్ధరణ అనవచ్చు. అంతదాకా జరిగేది సుందరీకరణే.